వారం అంగడి, ఏడాది గ్రాసం: దక్షిణ తెలంగాణలో దగ్గరి పంటతో ఇల్లు గడిచే లెక్క

పాత నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో చాలా ఊళ్లకు కూరగాయలు దొరికే చోటు ఇప్పటికీ వారానికోసారి కూడే అంగడే. ఒక్కో మండల కేంద్రానికి ఒక్కో వారం ఉంటుంది. మధ్యాహ్నానికి గోనెపట్టాలు పరుచుకుంటాయి, పొద్దుగూకేసరికి లేస్తాయి. ఆ నాలుగైదు గంటల్లో కొన్నదే ఇంటికి వారం రోజుల కూర. ఈ అంగడిలో, అందునా చుట్టుపక్కల పొలాల్లో పండినవే కొని, ఒక కూలి కుటుంబమో చిన్న జీతగాడి కుటుంబమో సరైన తిండి తినగలదా, తింటే వారానికి ఎంతవుతుంది అన్న ప్రశ్నకు సాధారణంగా వచ్చే జవాబులు రెండు. దగ్గరి పంట చవక కాబట్టి తప్పక మిగులుతుందని కొందరంటారు, అది ఉన్నవాళ్ల ముచ్చటని మరికొందరంటారు. లెక్క వేసి చూస్తే ఈ రెండూ సగం సగమే నిలుస్తాయి. కూరగాయల దగ్గర దగ్గరి పంట నిజంగానే చవక, అయితే ఏడాదిలో కొన్ని నెలలే. పప్పు, పల్లీలు, చింతపండు వంటి నిల్వ సరుకుల దగ్గర అది చవక కావాలంటే కొనేది వారం వారం కాకుండా పంట వచ్చిన నెలలో ఒకేసారి కొనాలి. వారం సంచి బరువు చివరికి ఏడాది గ్రాసం మీదే, అంటే ఏడాదికి సరిపడా ఇంట్లో నిల్వ పెట్టుకునే తిండి సరుకు మీదే, ఆధారపడుతుంది.

ముందుగా అవసరం ఎంతో తేల్చుకోవాలి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల ప్రకారం, రోజుకు 2,000 కేలరీలు అవసరమైన మనిషికి 250 గ్రాముల ధాన్యం, ఆకుకూరలతో కలిపి 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు, పప్పు లేదా గుడ్డు, మాంసం కలిపి 85 గ్రాములు, 35 గ్రాముల పల్లీలు, నువ్వుల వంటి గింజలు, 27 గ్రాముల నూనె, 300 మిల్లీలీటర్ల పాలు కావాలి. ఇద్దరు పెద్దలు, ఇద్దరు చిన్నపిల్లలు ఉన్న ఇంటిని ముగ్గురు పెద్దల కింద లెక్కగడితే, వారానికి 8.4 కిలోల కూరగాయలు, 2.1 కిలోల పండ్లు, 1.8 కిలోల దాకా పప్పులు, ముప్పావు కిలో పల్లీలు, అర కిలోకు కాస్త మించి నూనె, ఆరు లీటర్లకు పైగా పాలు అవుతాయి. ఇవి శుభ్రం చేసిన తర్వాతి తూకాలు. తొక్క, ముదురు కాడ, గింజ పోతాయి కాబట్టి కొనేటప్పుడు కూరగాయలు 10 కిలోలు, పండ్లు 3 కిలోలు అనుకోవాలి.

లెక్క కోసం కూరగాయలు సగటున కిలో 40 రూపాయలు, పండ్లు 50, పప్పులు 130, పల్లీలు 130, ప్యాకెట్ నూనె 170, పాలు లీటరు 60 అనుకుందాం. కూరగాయలకు 400, పండ్లకు 150, పప్పులకు 230, పల్లీలకు 96, నూనెకు మరో 96, పాలకు 380 చొప్పున మొత్తం 1,350 రూపాయలకు చేరుతుంది. 2025-26లో తెలంగాణకు ప్రకటించిన ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. అంటే ఒక మనిషి నాలుగున్నర రోజుల కూలి. ధరలు ఊరిని బట్టి, నెలను బట్టి మారుతాయి, అయినా ఈ లెక్కలో గమనించాల్సింది మొత్తం కాదు, వాటాలు. పాలు పక్కన పెడితే మిగిలిన ఖర్చులో 40 శాతానికి పైగా పప్పు, పల్లీలు, నూనెదే. కూరగాయల దగ్గర రూపాయి రూపాయి బేరమాడి, ఈ మూడింటిని మాత్రం వీధి చివరి దుకాణంలో పావుకిలోల లెక్కన తెచ్చుకునే ఇంట్లో ఆదా చేయగలిగిన డబ్బు కనిపించకుండానే జారిపోతుంది.

ధాన్యం ఈ లెక్కలో లేకపోవడానికి కారణం ఉంది. 2025 ఉగాది నాడు హుజూర్‌నగర్‌లో మొదలైన సన్నబియ్యం పథకం కింద రేషన్ కార్డులో ఉన్న ప్రతి మనిషికి నెలకు 6 కిలోలు వస్తున్నాయి. నలుగురికి 24 కిలోలు. పై కొలత ప్రకారం ఆ ఇంటికి నెలకు కావలసిన ధాన్యం 22.5 కిలోలే. పొద్దంతా మట్టిపని చేసే వాళ్లకు అంతకంటే ఎక్కువ కావాలన్నది నిజమే, అయినా అంతకుముందు దొడ్డు బియ్యం ఇచ్చినన్నాళ్లు చాలా ఇళ్లు దాన్ని కిలోకు ఎంతో కొంతకు అమ్ముకుని సన్నబియ్యం కొనుక్కునేవి. ఆ ఖర్చు ఇప్పుడు చాలావరకు మిగిలింది. మిగిలిన డబ్బు కూరలోకి, పప్పులోకి పోతుందా, రంగు ప్యాకెట్లలోకి పోతుందా అన్నదే అసలు ప్రశ్న. 2022-23 గృహ వినియోగ సర్వేలో దేశవ్యాప్తంగా పల్లె కుటుంబాల ఖర్చులో శుద్ధి చేసిన ఆహారం, పానీయాల వాటా తొమ్మిదిన్నర శాతం దాటితే, కూరగాయల వాటా ఐదున్నర శాతం లోపే ఉంది. అంగడి ఖరీదెక్కువని బాధపడే ముందు ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూసుకోవాలి.

ఇక దగ్గరి పంట అన్న మాట. అంగడిలో కూర్చున్న ప్రతి మనిషీ రైతు కాదు. చాలా అంగళ్లలో పెద్ద పెద్ద కుప్పలు పోసి, మైకు పెట్టి అమ్మేవాళ్లు మారుబేరగాళ్లు. హైదరాబాద్ బోయిన్‌పల్లి మార్కెట్ నుంచి రాత్రికి రాత్రి సరుకు తెచ్చి, వారానికి ఐదారు ఊళ్ల అంగళ్లు తిరుగుతారు. వేసవిలో వాళ్ల టమాట మదనపల్లె నుంచి వస్తుంది, ఆలుగడ్డ ఉత్తరాది నుంచి వస్తుంది. ఇంకా విచిత్రమేమంటే షాద్‌నగర్, ఇబ్రహీంపట్నం వైపు పండిన కూరగాయలు ముందు హైదరాబాద్ వెళ్లి, అక్కడ వేలంలో చేతులు మారి, తిరిగి ఇదే దారిన పాలమూరు, నల్లగొండ పల్లెలకు చేరుతాయి. ఆ తిరుగుడుకు అయ్యే కూలి, కిరాయి, కమీషన్ అన్నీ కిలో ధరలోనే ఉంటాయి. మారుబేరం చేసేవాళ్లను తప్పుపట్టడానికి ఏమీ లేదు. వేసవిలో వాళ్లు రాకపోతే చాలా ఊళ్లకు కూరగాయే ఉండదు. కొనేవాళ్లకు మాత్రం ఎవరి దగ్గర ఏది కొనాలో తెలియాలి.

తేడా కంటికి కనిపించేదే. ఒక మూలన సంచి పరుచుకుని కూర్చున్న ముసలమ్మ ముందు నాలుగు రకాలే ఉంటాయి. పుంటికూర (గోంగూర) వేళ్లతో సహా పీకింది కావడంతో వేళ్లకు ఎర్రమట్టి అంటుకునే ఉంటుంది. కట్టకు రబ్బరుబ్యాండు బదులు తాటాకు పీలికో జొన్నాకో చుట్టి ఉంటుంది. మీద తడిగుడ్డ కప్పి, గంటకోసారి నీళ్లు చిలకరిస్తుంది. పక్కన బుట్టలో టమాటాలు ఒకటి నిమ్మకాయంత, ఒకటి పిడికిలంత, కొన్నిటికి తొడిమ దగ్గర ఇంకా పచ్చదనం పోదు. తక్కెడలో తూచాక రెండు మిరపకాయలో కొత్తిమీర రెబ్బలో కొసరు వేస్తుంది. ప్లాస్టిక్ ట్రేలలో ఒకే సైజులో, ఒకే రంగులో వరసగా పేర్చిన టమాటా ఎక్కడో వేలంపాట దాటి వచ్చిందే. అడిగితే ఈ అమ్మలు ఏ ఊరి నుంచి వచ్చారో, ఏ బావి కింద వేశారో, మందు ఎన్నాళ్ల కిందట కొట్టారో కూడా చెబుతారు. ట్రేల వెనకున్న వ్యాపారికి ఆ సంగతి తెలిసే అవకాశమే లేదు.

ఇలాంటి గోనెపట్టాలు ఏటికేడు తగ్గుతున్నాయి, దానికి కారణాలు పొలంలోనే ఉన్నాయి. సాగర్ ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాలు ఎప్పటినుంచో వరి మాగాణులే. కల్వకుర్తి, నెట్టెంపాడు, భీమా, కోయిల్‌సాగర్ ఎత్తిపోతల నీళ్లు వచ్చాక పాలమూరులోనూ వరి విస్తరించింది. సుమారు 600 మిల్లీమీటర్ల వాన పడే, వలసలకు పేరుపడిన జిల్లాకు నీళ్లు రావడం గొప్ప మేలు. అయితే వరికి మద్దతు ధర ఉంది, ఊళ్లోనే కొనుగోలు కేంద్రం ఉంది, నాటు నుంచి కోత దాకా యంత్రాలున్నాయి. బీరకాయకు ఇవేవీ లేవు. పైగా రోజు మార్చి రోజు తెంపాలి, తెంపిన రోజే అమ్మాలి, కూలీలు దొరకాలి. వీటన్నిటికీ మించిన కష్టం కోతులు. తెలంగాణ పల్లెల్లో కూరగాయలు, పల్లి వేయడం మానుకున్న రైతులను కారణం అడిగితే చాలామంది మొదట చెప్పేది కోతుల మాటే. కావలి కాసే మనిషి కూలి కూడా కూరగాయల ధరలో కలిపితే చిన్న రైతుకు మిగిలేది లేదు. రాష్ట్రం తినే కూరగాయల్లో పెద్ద భాగం బయటి నుంచి రావడం వెనక ఈ కారణాలన్నీ ఉన్నాయి. కాబట్టి అన్నీ దగ్గరివే కొంటామని పట్టుపట్టడం ప్రస్తుతానికి ఏ బడ్జెట్‌కూ సాధ్యం కాదు. దగ్గర పండేవాటిని, అవి పండే నెలల్లో వదలకుండా కొనడం మాత్రం సాధ్యమే.

ఆ నెలలు ఏవంటే, మొదటి వానలు పడ్డాక ఆషాఢం నుంచి ఆకుకూరలు, శ్రావణ భాద్రపదాల్లో బీర, కాకర, బెండ, గోకర, దోస. దసరా దాటాక సీతాఫలం. కార్తీకం నుంచి మాఘం దాకా అసలైన కాలం. చిక్కుడు, వంకాయ, టమాట, మెంతికూర, పాలకూర, పచ్చి కందికాయలు అన్నీ ఒకేసారి వస్తాయి. టమాట ధర పడిపోయి రైతు తెంపుడు కూలి కూడా రాక చేను వదిలేసే రోజులూ ఇవే. అదే టమాట 2023 జులైలో కిలో 100 రూపాయలు దాటి ఎగబాకింది. మార్చి చివరి నుంచి జూన్ దాకా బావులు అడుగంటుతాయి. అప్పుడు అంగడిలో దగ్గరివంటూ మిగిలేవి సొరకాయ, దోసకాయ, మునక్కాయ, మామిడికాయ, చింతచిగురు, ఉల్లిగడ్డ మాత్రమే. వారం బడ్జెట్ విరిగేది ఈ మూడు నెలల్లోనే. చలికాలంలో కిలో 10, 15కు దొరికిన టమాటాను, వంకాయను, కాకరను తరిగి ఎండబెట్టి ఒరుగులు చేసుకోవడం, పుంటికూర తొక్కు, టమాట తొక్కు పెట్టుకోవడం పాత ఇళ్లలో ఉన్నది ఈ కాలం కోసమే. చలికాలం ఒక అంగడిలో ఐదు కిలోల టమాట అదనంగా కొని ఎండబెట్టడానికి అయ్యే ఖర్చు, జూన్‌లో ఒకే ఒక్క కిలో కొనే ఖర్చుకు అటూ ఇటూగా ఉంటుంది. ఎండ ఉచితం, శ్రమ మాత్రం ఉచితం కాదు. ఆ శ్రమ ఇంట్లో ఒక్క ఆడమనిషి మీదే పడితే ఈ సలహా ఎక్కువ రోజులు నిలవదు.

ఆకుకూరల విషయం ప్రత్యేకంగా చెప్పుకోవాలి, ఎందుకంటే తక్కువ డబ్బుకు ఎక్కువ పోషణ దొరికేది ఇక్కడే. మార్గదర్శకాల్లోని 400 గ్రాముల్లో 100 గ్రాములు ఆకుకూరే ఉండాలి, అంటే ఈ ఇంటికి వారానికి రెండు కిలోలకు పైగా. విత్తి పెంచేవి పుంటికూర, తోటకూర, పాలకూర, చుక్కకూర, మెంతికూర, బచ్చలి. విత్తకుండానే వచ్చేవి గంగవాయిలి, పొన్నగంటి, తుమ్మికూర, గునుగు, చెంచలి. కలుపు తీసే ఆడవాళ్లు ఒడిలో వేసుకుని తెచ్చి అంగడిలో కుప్పలు పెట్టే ఈ కూరలకు పెట్టుబడి లేదు, అందుకే ధరా తక్కువ. కలుపుమందు కొట్టిన పొలాల్లో ఇవి మిగలవు, మిగిలినా తినకూడదు. ఎక్కడ ఏరారని అడగడం అందుకే అవసరం. కట్ట ధరను నమ్ముకోవడం కూడా పొరపాటే. చలికాలంలోనూ వేసవిలోనూ కట్ట 10 రూపాయలే ఉంటుంది, వేసవి కట్ట మాత్రం చలికాలపు కట్టలో సగం ఉండదు. గంగవాయిలిలో వేరు తప్ప అన్నీ తినేవే, లేత తోటకూర కాడ కూడా కూరే. అదే కాలీఫ్లవర్ పువ్వులో దాదాపు సగం కాడకూ ఆకుకూ పోతుంది. పొయ్యి మీదికి వెళ్లేది ఎంత అన్న లెక్కన చూస్తే చవక, ఖరీదు అనే మాటలు చాలాసార్లు తారుమారవుతాయి. ఒక జాగ్రత్త ఉంది. పాలకూర, గంగవాయిలి వంటివాటిలో ఆక్సలేట్లు ఎక్కువ, కాబట్టి ఒకే కూరను రోజూ తినకుండా మార్చి మార్చి వండుకోవాలి. కిడ్నీలో రాళ్లున్నవాళ్లు వైద్యుణ్ణి అడిగి తినాలి.

వారానికి ఒక్కసారే కొనే ఇంట్లో ఏది ముందు వండాలన్నది కూడా డబ్బుతో ముడిపడిన సంగతే. అంగడి నాటి రాత్రి, మరునాడు ఆకుకూరలు. తర్వాతి రెండు రోజులు బెండ, బీర, వంకాయ. ఆపైన గోకర, దొండ, కాకర. చివరి రెండు రోజులకు సొరకాయ, దోసకాయ, గుమ్మడి, ఉల్లిగడ్డ, లేదా పప్పు, పచ్చిపులుసు. ఫ్రిజ్ లేని ఇంట్లో ఈ వరస తప్పితే మూడో రోజుకే కూర వాడిపోయి పారబోతకు చేరుతుంది. అంగడిలో బేరమాడి మిగిల్చిన 20 రూపాయలు పారబోసిన ఒక్క కట్టతో, ఒక్క అరకిలోతో పోతాయి. అంగడికి పొయ్యేముందే ఏం వండాలో రాసుకుని, అవి ఎంతకు దొరికితే అంతకు కొనే అలవాటు పట్టణపు కొట్లకు సరిపోతుంది కానీ ఇక్కడ సరిపోదు. ముందు రకాల వారీగా డబ్బు కేటాయించుకుని, అంగడి ఒక చుట్టు తిరిగి ఆ రోజు ఏది దండిగా వచ్చిందో చూసి, దాన్ని బట్టి వంట నిర్ణయించుకోవడమే అన్నివిధాలా మేలు.

నిల్వ సరుకుల్లో కంది మొదటిది. తాండూరు కందిపప్పుకు 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దాని పక్కనే ఉన్న నారాయణపేట, కొడంగల్ నేలలూ కందికి పేరున్నవే. 2025-26కు కేంద్రం ప్రకటించిన కంది మద్దతు ధర క్వింటాలుకు 8,000, అంటే కిలో 80 రూపాయలు. పంట వచ్చే రోజుల్లో మార్కెట్ ధర దానికంటే కిందికి పోవడమూ ఉంది. ఇంటికి ఏడాదికి 40 కిలోల పప్పు కావాలంటే సుమారు 55 కిలోల కందులు ఆడించాలి. మద్దతు ధరకే కొన్నా 4,400 రూపాయలు. అదే 40 కిలోలు కిలోకు 130 చొప్పున దుకాణంలో కొంటే 5,200. తేడా 800, అందులోంచి మిల్లు కూలి తీసేయాలి. 2023 చివరలో లాగా పప్పు 150 దాటిన ఏడాదిలో తేడా 1,600 పైమాటే. పరుగులు పెట్టే ధర నుంచి ఇంటిని కాపాడేది కూడా ఇంట్లో ఉన్న బస్తానే.

ఇక్కడే పేద ఇంటి చిక్కు మొదలవుతుంది. సంక్రాంతి తర్వాత ఒకేసారి 4,400 రూపాయలు తీసిపెట్టగలిగిన ఇల్లు ఈ సలహా లేకుండానే కొనుక్కుంటుంది. అప్పు తెచ్చి కొంటే, ఊళ్లో నడిచే నూటికి రెండు రూపాయల నెల వడ్డీకి, పది నెలల్లో సమానంగా తీర్చినా వడ్డీ 484 రూపాయలవుతుంది. మిల్లు కూలి కలిస్తే 800 మిగులులో చేతికి వచ్చేది దాదాపు శూన్యం. కాబట్టి పెద్దమొత్తంలో కొనుక్కోండని ఊరికే చెప్పడం న్యాయం కాదు. మహిళా సంఘాల నుంచి తక్కువ వడ్డీకి వచ్చే అప్పుతో, పది ఇళ్లు కలిసి ఐదారు క్వింటాళ్లు నేరుగా రైతు దగ్గర కొని, ఒకేసారి ఆడించి పంచుకుంటే లెక్క నిలుస్తుంది. రైతుకూ మార్కెట్ యార్డుకు తోలుకెళ్లే కిరాయి, హమాలీ ఖర్చు తప్పుతాయి. దక్షిణ తెలంగాణలో సంఘాలు వడ్లు కొనే కేంద్రాలను ఏళ్ల తరబడి నడిపాయి. తూకం, తేమ, లెక్కపత్రం వాళ్లకు కొత్త కాదు. తమ ఇళ్ల గ్రాసానికి అదే నైపుణ్యాన్ని వాడుకోవడానికి అడ్డేమీ లేదు.

నూనె లెక్క దీనికి తలకిందులు. పల్లి పాలమూరు పంటే. యాసంగి పల్లి వనపర్తి, అచ్చంపేట, గద్వాల మార్కెట్లకు దండిగా వస్తుంది. 2025-26 మద్దతు ధర క్వింటాలు కాయకు 7,263 రూపాయలు. కాయ ఒలిస్తే నూటికి 70 వంతులు గింజ వస్తుందనుకుంటే గింజ కిలో 104 రూపాయలు పడుతుంది. గానుగలో ఒక కిలో నూనెకు రెండున్నర కిలోల గింజ కావాలి, అంటే గింజలకే 260 రూపాయలు. నూనె తీశాక మిగిలే చెక్క అమ్మితే కొంత తిరిగి వచ్చినా, గానుగ కూలి ఉంటుంది. అందుచేత అచ్చమైన పల్లినూనె ప్యాకెట్ నూనె ధరకు ఎవరూ ఇవ్వలేరు. ఇస్తున్నామంటే అనుమానించాల్సిందే. దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా దిగుమతి అవుతున్నదే, ఆ ధరతో ఇక్కడి గానుగ పోటీ పడలేదు. పల్లినూనెకు మారితే ఈ ఇంటికి వారానికి 50 రూపాయల దాకా అదనం. ఆ స్తోమత లేనివాళ్లు నూనె కొలత తగ్గించి, పల్లీలనే నేరుగా వాడుకోవడం మంచి దారి. వంకాయలో పల్లిపొడి, రొట్టెలోకి పల్లి చట్నీ, పిల్లలకు బెల్లంతో పల్లిపట్టి వంటివాటిలో నూనెతో పాటు మాంసకృత్తులూ అందుతాయి, గానుగ ఖర్చూ ఉండదు.

ఉల్లిగడ్డ సంగతి చిన్నదే అయినా తెలిసి ఉండాలి. దేవరకద్ర మార్కెట్లో బుధవారం జరిగే ఉల్లి వేలం ఈ ప్రాంతానికంతా తెలిసినదే. వానాకాలం గడ్డలో నీరు ఎక్కువ, నెలకే మొలకెత్తుతుంది, కుళ్లుతుంది. తొక్క పొడిగా ఎండిన యాసంగి గడ్డ గాలి తగిలేలా పరిస్తే నాలుగైదు నెలలు ఆగుతుంది. బస్తా కొనాలంటే మార్చి, ఏప్రిల్ గడ్డే కొనాలి.

జొన్న, సజ్జ, కొర్ర, తైదలు (రాగులు) ఒకప్పుడు ఈ ఎర్ర చెలకల అసలు తిండి. ఇప్పుడు కొర్రలు సూపర్ మార్కెట్ ప్యాకెట్లో బియ్యానికి రెండింతల ధర పలుకుతున్నాయి. బియ్యం ఉచితంగా వచ్చే ఇంటిని మూడు పూటలా వాటికి మారమనడం బడ్జెట్ తెలిసిన మాట కాదు. రాత్రిపూట జొన్నరొట్టె, ఎండాకాలం తైదంబలి మాత్రం ఎంత తక్కువ ఖర్చుకైనా ఇముడుతాయి. 100 గ్రాముల తైదల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. పాలు సరిపడా కొనలేని ఇళ్లకు ఇది చిన్న విషయం కాదు, భూగర్భ నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువున్న నల్లగొండ జిల్లా మర్రిగూడ, నాంపల్లి, చండూరు, మునుగోడు వంటి ప్రాంతాలకు మరీ కాదు. కాల్షియం, విటమిన్ సి ఉన్న ఆహారం ఫ్లోరైడ్ హానిని కొంతవరకు తగ్గిస్తుంది. చింతపండు తిన్న పిల్లల మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోయిందని పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 2002లో ప్రచురించారు. పచ్చిపులుసు మందు కాదు. శుద్ధమైన నీళ్లే మొదటి మందు. అయినా ఈ నేల మీద పుట్టిన వంటను చిన్నచూపు చూడడానికి కారణం లేదని ఆ పరిశీలన చెబుతుంది.

పండ్ల దగ్గర దక్షిణ తెలంగాణ అదృష్టం పెద్దది. నల్లగొండ బత్తాయి, నకిరేకల్ నిమ్మ, కొల్లాపూర్ మామిడి, ఒక రకానికి బాలానగర్ అన్న పేరే స్థిరపడిన పాలమూరు సీతాఫలం, రేగు, నేరేడు, ఈత, తాటిముంజలు నెల తప్పి నెల వస్తూనే ఉంటాయి. పెద్ద సైజు బత్తాయి ఢిల్లీ లారీ ఎక్కుతుంది. చిన్నకాయ, మచ్చకాయ ఇక్కడే మిగులుతుంది, రసానికి అదే చాలు. పిల్లల చేతికి రోజుకు 10 రూపాయల చిప్స్ ప్యాకెట్ ఇచ్చే ఇంట్లో ఇద్దరికి వారానికి 140 రూపాయలు. పైన వేసిన మూడు కిలోల పండ్ల ఖర్చు 150. మాంసం, చేపల ఖర్చు ఇంటింటికీ మారేది. కృష్ణ ఒడ్డున జూరాల, సోమశిల దగ్గరి ఊళ్లకు చేప అందుబాటు, మిగతా ఊళ్లకు చెరువు పట్టిన రోజులే. ఏడాదంతా నిలకడగా దొరికేది గుడ్డు.

పట్టణాల్లో ఉన్నవాళ్లకు రైతు బజారు ఉంది. 1999 జనవరిలో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఈ పద్ధతిలో గుర్తింపు కార్డున్న రైతు నేరుగా అమ్ముతాడు, టోకు ధరకు పైన, చిల్లర ధరకు కింద ఉండేలా రోజూ ఉదయం ధర నిర్ణయించి బోర్డు మీద రాస్తారు. కొనకపోయినా ఆ బోర్డు చదవడం మంచిది. అంగడిలో అడిగే ధర న్యాయమో కాదో తేల్చుకోవడానికి అంతకంటే నమ్మదగ్గ కొలత సామాన్యుడికి లేదు. అంగడిలో పొద్దుగూకే వేళ ధర పడుతుంది, ఎందుకంటే ఆకుకూరను ఇంటికి తీసుకుపోయి ఎవరూ ఏమీ చేసుకోలేరు. తక్కువ డబ్బున్నవాళ్లు ఆ వేళకు వెళ్లడం తప్పు కాదు. మిగిలిన నాలుగు కట్టలకు ముసలమ్మను సగం ధరకు దించి, ట్రేల వ్యాపారి దగ్గర అడిగినంత ఇచ్చి రావడం మాత్రం తలకిందుల బేరం. దగ్గరి పంట అంగడికి రావడం మానేది ఇలాంటి బేరాల వల్లే.

అలా మానడానికి మరో కారణం తైబజారు, అంటే అంగడిలో కూర్చుని అమ్మినందుకు కట్టే రుసుము. చాలా చోట్ల పంచాయతీలు అంగడి వసూలు హక్కును ఏటా వేలం వేస్తాయి. పాడుకున్న గుత్తేదారు పెట్టుబడి రాబట్టుకోవాలి కాబట్టి కూర్చున్న ప్రతి మనిషి దగ్గరా వసూలు చేస్తాడు. ఆటో నిండా సరుకు దించిన వ్యాపారికి 30 రూపాయలు లెక్కలోకి రావు. 200 రూపాయల ఆకుకూర తెచ్చిన మనిషికి ఆటో కిరాయి పోగా అందులోనే ఆ 30 ఇస్తే కూలి కూడా మిగలదు. నెత్తిమీద గంపతో వచ్చి, సొంత పంట అమ్ముకునే వాళ్లకు రుసుము మినహాయించి, వాళ్లకు నీడపట్టున ఒక వరస కేటాయించడం గ్రామసభ తీర్మానంతో, వేలం షరతుల్లో ఒక్క వాక్యం చేరిస్తే జరిగే పని. వేలం సాధారణంగా మార్చి నెలాఖరులోపు ముగుస్తుంది కాబట్టి, ఆ తీర్మానం అంతకు ముందే కావాలి.